అరిటాకుల మీద కరుణమ్మ

మొదట కరుణమ్మకు నోట్లో పుండ్లు లేచాయి. పచ్చిపులుసు చుక్క తగిలినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వేడి చేసిందనుకుని మజ్జిగన్నంతో నెట్టుకొచ్చింది. ఎంకపల్లి చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారి, సున్నం వేసిన హద్దురాళ్ళు లేస్తున్న రోజులవి. ఆమెది చామంతి తోట. భర్త జనార్దన్ హైటెక్ సిటీ ఉద్యోగులను క్యాబులో తిప్పేవాడు.

చలికాలానికి వీపు నిండా నీటి బుడగలు లేచాయి. రవిక ఒరుసుకున్నా చిట్లి పచ్చిపుండ్లయ్యేవి. అత్త రాములమ్మ అమ్మవారనుకుని గుమ్మానికి వేపమండలు కట్టి, కోడలి కంచం వేరు పెట్టింది. ఒకనాడు జనార్దన్ చెయ్యి పట్టి లేపబోతే, అతని బొటనవేలి కింద ఆమె చర్మం పొరలా జారింది. అప్పటినుంచి అతను ఆమెను ముట్టుకోలేదు. అసహ్యం పుట్టిందేమోనని కరుణమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

చేవెళ్ల దవాఖానలో చూసి పట్నం పొమ్మన్నారు. అక్కడి డాక్టరమ్మ చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేయించి, ఆ జబ్బును పెంఫిగస్ అంటారని చెప్పింది.

"ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున నీ చర్మాన్ని పరాయిదనుకుంటున్నది. ఇది అంటుకోదు. మందులతో అదుపులో ఉంటుంది. కానీ నన్ను అడగకుండా ఆపొద్దు" అంది.

స్టెరాయిడ్ మాత్రలకు పుండ్లు మానాయి, ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపించేసరికి కరుణమ్మ ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. కొద్దివారాల్లోనే జబ్బు ఇంతకింతై తిరగబెట్టింది. దుప్పటి ఒంటికి అతుక్కుపోతుంటే దవాఖానలో చేర్చుకుని, కడిగిన లేత అరిటాకులు పరిచి పడుకోబెట్టారు.

ఆ చల్లదనంలో, మందుల మగతలో ఆమెకు పగలే కలలు వచ్చేవి. తాను గండిపేట చెరువు నీళ్ళ మీద వెల్లకిలా తేలుతోంది. ఒంటి పొరలు ఒక్కొక్కటే తెల్లకొంగలై లేచి మొయినాబాద్ వైపు ఎగిరిపోతున్నాయి. నొప్పి ఎక్కడో అవతలి ఒడ్డున, ఎవరిదో పేరులా వినిపిస్తోంది.

కళ్ళు తెరిస్తే జనార్దన్ ఆకులు తుడుస్తున్నాడు. మొయినాబాద్ తోటల్లో అడిగి రోజూ తానే కోసుకొస్తున్నాడట. పుండు రాపిడి కాకుండా మనిషిని ఎట్లా పక్కకు తిప్పాలో నర్సును అడిగి నేర్చుకున్నాడట. అరచెయ్యి వెడల్పుగా ఆకు కిందికి పోనిచ్చి, ఆకుతో సహా ఆమెను మెల్లగా తిప్పాడు.

"నేను ముడితే నీకు నొస్తదని బుగులయ్యింది" అన్నాడు తల వంచుకుని.

"నువ్వు ముట్టకుంటేనే ఎక్కువ నొచ్చింది" అంది కరుణమ్మ.

అతను దగ్గరికి జరిగాడు. పుండు లేని చోటు వెతికి, ఆమె చెవి వెనక వేలు ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

ఇంకో మందు కలిపారు. స్టెరాయిడ్‌ను నెలనెలా కొంచెం కొంచెంగా డాక్టరమ్మే తగ్గించింది. షుగరు పరీక్ష, కారం లేని కూర, వదులైన నూలు రవిక అలవాటైపోయాయి. అంటుకోదని డాక్టరమ్మ మరోసారి నచ్చజెప్పాక రాములమ్మ తన పక్కనే కోడలికి అన్నం వడ్డించింది. చాలాకాలం తర్వాత కూడా ఎప్పుడో ఒక బుడగ లేచేది. అప్పుడు కరుణమ్మ ఆగం కాకుండా పట్నం బస్సెక్కేది.

తలకు కూడా పాకిన పుండ్లు అన్నిటికన్నా చివరన మానాయి. అవి మానాక ఒక ఎండపొద్దున జనార్దన్ పెరట్లో పీట వేసి, నూనెతో ఎండిన పక్కులు నానబెట్టి, గోరువెచ్చని నీళ్ళు ధారగా పోశాడు. అతని వేళ్ళు జుట్టులో మెల్లగా కదులుతుంటే కరుణమ్మ కూర్చున్నచోటే నిద్రలోకి జారింది.