సొరుగులో కాపురం

ఆ వెనకవాళ్ళు కూడా ముందుకు రండి. దగ్గరగా కూర్చోండి, కానీ మరీ ఒళ్ళు కుంచించుకోకండి. ఎందుకన్నానో మీకే తెలుస్తుంది.

కుట్టుపని తెలిసిన ఒక పిల్ల పరాయి దేశం వెళ్ళింది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాలర్లు అతికే పని. పొద్దున్నే డబ్బా కట్టుకుని వెళ్ళేది, సాయంత్రం ఒంటిమీది దారాలు దులుపుకుంటూ తిరిగొచ్చేది. పని ఇట్టే దొరికింది కానీ తల దాచుకునే చోటే గగనమైంది. తిరిగి తిరిగి కాళ్ళరిగాక ఒక ఇంటామె మేడమీద గది చూపించి, మంచం పొట్టిది, కాళ్ళు వేలాడతాయేమో అంది.

"పర్వాలేదండి, సర్దుకుంటాను" అంది పిల్ల.

చిన్నప్పటి నుంచి ఆ మాట అన్నప్పుడల్లా ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకునేవారు. తెల్లారేసరికి కాళ్ళు మంచానికి సరిపోయాయి. మంచం పెరగలేదు, పిల్లే తగ్గింది. వదులైన బట్టలు కత్తిరించి కుట్టుకుంది. మిగిలిన ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక సంచిలో దాచుకుంది.

కొన్నాళ్ళకి ఇంటామె మేనల్లుడు దిగాడు. గది అతనికి కావాలి, మెట్లకింద సర్దుకుంటావా అని అడిగింది. సర్దుకుంది. అక్కడికి అతని సైకిలొచ్చింది. వంటింటి అటకమీద సర్దుకుంది. అటకమీదికి ఉల్లిపాయల బుట్టొచ్చింది. బీరువా అడుగు సొరుగులో సర్దుకుంది. ప్రతిసారీ బట్టలు ఇంకాస్త కత్తిరించుకుంది, ముక్కలు సంచిలో చేరాయి.

ఇంటామె చెడ్డదేం కాదు. సొరుగులో మెత్తటి తువ్వాలు పరిచింది, గాలాడాలని కాస్త తెరిచే ఉంచేది. ఇంతకుముందు చెప్పుల అరలో ఒక వడ్రంగి ఉండేవాడని, నోట్లో నాలుక లేని మనిషని చెప్పింది. అతనేమయ్యాడని పిల్ల అడిగింది.

"ఏమోనమ్మా, ఓ రోజు ఇల్లు ఊడ్చాక మళ్ళీ కనిపించలేదు."

తననీ అలాగే ఊడ్చేస్తారేమోనని పిల్లకి భయమేసింది. వేరే గది చూసుకుందామంటే ఏ ఇంటి గంటా అందదు, తలుపు తడితే ఎవరికీ వినపడదు. కార్ఖానాలో పక్క మిషను మీద కుట్టే అక్క రోజూ ఆమెని తన డబ్బా సంచిలో వేసుకుని పనికి తీసుకెళ్ళేది. మేస్త్రీ మొదట కుర్చీమీద పీట వేశాడు, తర్వాత కాలర్లు మాన్పించి గుండీల పనిలో పెట్టాడు. గుండీ కూడా ఎత్తలేని రోజొస్తే తానేం చెయ్యలేనని నొచ్చుకుంటూనే చెప్పాడు.

ఒక సెలవురోజు చెల్లెలు ఫోను చేసింది. పిల్ల ఫోనుని సొరుగు గోడకి ఆనించి, దాని ముందు నిలబడింది.

"గదెలా ఉందే అక్కా?"

"చాలా విశాలంగా ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళేసరికి ఆయాసమొస్తోంది." అందులో అబద్ధమేమీ లేదు.

"అబ్బో, మహారాణీ! అయితే నేనూ వచ్చేస్తా. మీ కార్ఖానాలో మనుషులు కావాలటగా. చోటు తక్కువైనా పర్వాలేదులే, సర్దుకుంటా."

పడుకుంటే పక్కంతా ఆక్రమించి, అక్కని అంచుకి తోసేసే చెల్లెలు అది. పిల్ల దాన్ని చెప్పుల అరలో ఊహించుకుంది.

"రావద్దే. ఇక్కడ చోటు లేదు."

"నువ్వున్నావుగా?"

"నాకే లేదు."

ఎన్నడూ అనని మాట. అనగానే భుజం చెక్కకి ఒరుసుకుంది. మోకాలు తగిలింది. సొరుగు ఫెళ్ళున విరిగింది. నేలమీద పూర్తి ఎత్తు మనిషి, తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది.

ఇంటామె వచ్చి, బంగారంలాంటి బీరువా అని నిట్టూర్చి, "పోనీలే, అటకమీద బుట్ట దింపిస్తాను, సర్దుకుంటావా?" అంది.

బయట వాన. ఊళ్ళో ఇంకో గూడు లేదు. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల దాన్ని మింగేసింది.

"పట్టనండి" అంది.

మెట్లకింద కూర్చుని, సంచిలోని ముక్కలన్నీ మళ్ళీ బట్టలకి అతికి తొడుక్కుంది. ఒళ్ళంతా అతుకులే. తడుస్తూ వీధిలోకి నడిచింది. ఎటు పోవాలో తెలియదు, ఏడుపాగలేదు. ఎదురింటి ముందు ఆగి చెయ్యెత్తింది. గంట అందింది.

తలుపు తీశారా అంటే నాకూ తెలియదర్రా. ఇక లేవండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఇంటికెళ్ళి, మూల ముడుచుకోకుండా బాసింపట్టు వేసుక్కూర్చుని అన్నాలు తినండి.