అమ్మ గొంతున్న సినిమా

మా అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. ఆమె పోయాక, ఆమె గొంతుతో మాకు దొరికిన సినిమా ఒక్కటే. అందులో హీరో మేనత్తకు గొంతిచ్చింది. నాన్న రోజూ మధ్యాహ్నం కంచం ముందు పెట్టుకుని, టీవీలో ఓటీటీ యాప్‌లో ఆ సినిమా పెట్టించుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. "తిన్నావా లేదా, చెప్పి చావు!" అని మేనత్త హీరోని కసరగానే, "తింటున్నానే తల్లీ" అంటూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడు.

ఈ రోజు సినిమా ఉంది, అమ్మ లేదు. యాప్ వాళ్ళు ఆడియో జాబితాలోంచి తెలుగు తీసేశారు. వంటగదిలోకి వెళ్ళి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"సినిమా ప్లే అవుతోంది కదా సార్?" అంది అవతలి అమ్మాయి.

"బొమ్మ ఎవడిక్కావాలండీ? గొంతేదీ?"

"ఒప్పందం మారింది సార్. సబ్‌టైటిల్స్ ఉన్నాయి, చదువుకోండి."

ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను.

హాల్లోకి వచ్చేసరికి తెర మీద మేనత్త ఏదో భాషలో ఎవరి గొంతుతోనో కసరడం కూడా అయిపోయింది. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. కలిపిన ముద్ద వేళ్ళ మధ్యే ఎండిపోతోంది.

"తినలేదేం నాన్నా?"

"ఉండరా. మీ అమ్మ ఇంకా అడగలేదు."