మెడ నిలిచేదాకా

ఐదో అంతస్తు కారిడార్ సగం తుడిచేసరికి రెడ్డెమ్మకు మళ్ళీ రొమ్ములు సలపడం మొదలైంది. తుడుపుకర్రను గోడకు ఆనించి, నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. బకెట్టు నిండా నీళ్ళుంటే ఎత్తలేదు. అందుకని సగం నీళ్ళే పట్టుకుని, దానికి రెండింతలు తిరుగుతూ ఉంది. పొత్తికడుపు మీద కోత పైకి మానింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. తడిగుడ్డ పిండే చట్రం పిడి చేత్తో నొక్కితే కుట్ల దగ్గర పట్టేస్తుంది. అందుకే ఆ పిడిని కాలితో తొక్కడం అలవాటు చేసుకుంది. ఆ కిటుకు ఎవరూ నేర్పలేదు, నొప్పే నేర్పింది.

కారిడార్ చివర ఆడవాళ్ళ బాత్రూముంది. అందులో ఆఖరి గదిలోకి పోయి గడియ పెట్టుకుని, నీలం యూనిఫారం గుండీలు విప్పింది. లోపల మడిచి పెట్టుకున్న పాతగుడ్డ తడిసి బరువెక్కింది. గోడకు భుజం ఆనించి, పళ్ళు బిగబట్టి, పాలు పిండి పారబోసింది. నీళ్ళు తిప్పింది. బిడ్డ నోట్లో పడాల్సిన పాలు అట్లా సుడి తిరుగుతూ పోతుంటే చూడటం ఆమె వల్ల కాదు. రోజూ మొహం పక్కకు తిప్పుకునే నీళ్ళు తిప్పేది. ఇవ్వాళ మాత్రం తిప్పుకోలేదు, కళ్ళప్పగించి చూసింది. ఎందుకంటే ఇవ్వాళ మధ్యాహ్నం బిడ్డ ఊరికి పోతోంది.

కువైట్‌లో, మిర్కాబ్‌లోని ఆ ఆఫీసు మేడను శుభ్రం చేసే కాంట్రాక్టు ఒక క్లీనింగ్ కంపెనీది. రెడ్డెమ్మ ఆ కంపెనీ మనిషి. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చి ఏళ్ళు గడిచాయి. ఆమె తుడిచిన నేల మీద నడిచినవాళ్ళలో ఆమె పేరు తెలిసినవాళ్ళు నలుగురైనా ఉంటారో లేదో. ఆమె కూడా తెలియాలని కోరుకోలేదు. తన పని తాను చూసుకుపోయే రకం. మొగుడు శివకుమార్ దూరాన వఫ్రా తోటల్లో, ప్లాస్టిక్ గుడారాల కింద దోసకాయలు పండించే పనిలో ఉన్నాడు. అక్కడి నుంచి బస్సులు తక్కువ. శుక్రవారం దొరికితే వస్తాడు, దొరక్కపోతే ఫోనే కాపురం. ఆ కాపురంలోనే పెళ్ళైన ఇన్నాళ్ళకు కడుపు పండింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పాస్‌పోర్టు కోసం కీర్తన అని రాయించారు. పిలిచేది మాత్రం బుజ్జమ్మ అనే.

ఎప్పటికైనా బిడ్డను ఊరికి పంపక తప్పదని మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. వాళ్ళ జీతాలకు బిడ్డకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రాదు. కానీ కాన్పు అయిన మనిషికి రెండు నెలల పైచిలుకు జీతంతో సెలవుంటుందని, అది ఇక్కడి చట్టమేనని ఆస్పత్రిలో ఒక మలయాళీ నర్సు చెప్పింది. ఆ సెలవు మీదే రెడ్డెమ్మ ఆశలన్నీ పెట్టుకుంది. పెద్ద కోరికేమీ కాదు. మెడ నిలిచేదాకా బిడ్డ తన దగ్గర ఉంటే చాలనుకుంది. మెడ నిలిచిన బిడ్డను ఎవరైనా ఎత్తుకుంటారు, ఎట్లాగైనా పెరుగుతుంది. నిలవని మెడ మాత్రం తల్లి చేతిలో ఉండాలి. ఆమెకు తెలిసిన లెక్క అంతే.

అక్కడే వచ్చి పడింది పీటముడి.

సూపర్‌వైజర్ లక్నో వైపు మనిషి. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే నిలబడి మాట్లాడే తీరిక ఎన్నడూ ఉండదు. లిఫ్టు ఎక్కుతూ ఒక మాట, దిగుతూ ఒక మాట. సెలవు జీతం సంగతి అడగడానికి పచ్చి ఒంటితో ఆఫీసుకు వచ్చిన రోజున, లిఫ్టు తలుపు మూసుకుపోతూ ఉండగా ఆయన అన్నాడు.

"రాజీనామా పే దస్తఖత్ కరో రెడ్డెమ్మా. ఫిర్ ఛుట్టీ కా పైసా మిలేగా."

దస్తఖత్ అంటే సంతకం, ఛుట్టీ అంటే సెలవు. ఆ రెండు ముక్కలూ ఇక్కడికొచ్చాక నేర్చుకున్నవి. రాజీనామాను ఒకరు నేర్పాలా? ఆ మాట మొత్తంలో ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన ముక్క అదొక్కటే. రెడ్డెమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

ఆమె అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఊర్లో పెత్తనం చేతులు మారిన ఏడు, ఇద్దరు మనుషులు పొద్దున్నే ఇంటికి వచ్చి, రాజీనామా అని చెప్పి ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పోయారు. మర్నాడు ఆ పొయ్యి దగ్గర ఇంకొకామె కూర్చుంది. అమ్మ మాత్రం చాలా రోజులు పన్నెండు కాగానే లేచి బడి దాకా పోయి, గేటు బయట నిలబడి తిరిగొచ్చేది. రాజీనామా అంటే రెడ్డెమ్మకు ఆ గేటే.

ఫోన్లో చెప్తే శివకుమార్ మండిపడ్డాడు. చచ్చినా సంతకం పెట్టొద్దన్నాడు. ఆమె ఉండే గదిలో అంతా తెలుగు ఆడవాళ్ళే. బిడ్డను కన్న పాపానికి పని ఊడబెరుకుతారా అని కంపెనీని తలా ఒక తిట్టు తిట్టారు. ఆ మాటకు అర్థం అది కాదేమోనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. వచ్చే వీల్లేదు కూడా. అందరూ ఒకే బడిలో చదివిన మాట అది.

రెడ్డెమ్మ సంతకం పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు. సూపర్‌వైజర్ అడిగినప్పుడల్లా "అచ్ఛా సార్" అని తలూపి, బకెట్టు తీసుకుని పక్కకు తప్పుకునేది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకుండా తప్పించుకునే ఉపాయం ఆమెకు అదొక్కటే తెలుసు. సంతకం లేకుండా సెలవు లేదు. సెలవు లేకుండా ఇంట్లో కూర్చుంటే రానట్టు రాసుకుంటారు, ఆపైన ఇఖామాకే ఎసరు వస్తుంది. అట్లా నెల తిరక్కుండానే పచ్చి బాలింత వచ్చి మళ్ళీ బకెట్టు పట్టింది.

అప్పటికి బుడేన్‌బీ ఉండబట్టి సరిపోయింది. ఆమెదీ రాయచోటి వైపే. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసి, ఇంక చాలు ఖలాస్ అని ఆ ఇంటి యజమానురాలు మామాకు చెప్పి, టిక్కెట్టు తేదీ వచ్చేదాకా తెలిసినవాళ్ళ గది కదా అని ఖైతాన్‌లో వీళ్ళ దగ్గర ఉంది. రెడ్డెమ్మ డ్యూటీకి పోయినంతసేపూ బుజ్జమ్మను ఒళ్ళోంచి దించలేదు. ఇప్పుడు ఆ తేదీ వచ్చేసింది. ఆమె పోయాక బిడ్డను చూసే దిక్కు లేదు. ఊర్లో తన అక్కకు కూడా చంటిబిడ్డ ఉందని, ఇద్దరికీ పాలిస్తానందని, మద్రాసు విమానాశ్రయానికి వచ్చి తీసుకుపోతుందని, తనకు తానే నచ్చజెప్పుకుని బుడేన్‌బీ వెంట బిడ్డను పంపే ఎంబసీ కాగితాల మీద రెడ్డెమ్మ సంతకం పెట్టింది. పెట్టకూడని సంతకం పెట్టకుండా ఉన్నానే అనుకుంది, ఈ సంతకం ఎట్లా తప్పించుకోవాలో మాత్రం తెలియలేదు.

మధ్యాహ్నం భోజనం వేళకు అనుమతి అడిగి బస్సెక్కింది. గదికి చేరేసరికి బుడేన్‌బీ నల్లబురఖా వేసుకుని, పెట్టెకు తాడు కట్టి, సిద్ధంగా కూర్చుని ఉంది. పాలపొడి డబ్బా, వేడినీళ్ళ ఫ్లాస్కు, గుడ్డలు అన్నీ సంచిలో సర్దేసింది. రెడ్డెమ్మ చేతులు కడుక్కుని బిడ్డను తీసుకుంది. బిడ్డ వెంటనే రొమ్ము అందుకుంది. ఆకలి మీద ఉందో ఏమో, గుటకలు వినబడేలా తాగింది. ఒక పక్క అయ్యాక ఇంకో పక్కకు మార్చబోతే తల చటుక్కున వెనక్కి వాలింది. రెడ్డెమ్మ అరచెయ్యి కింద పెట్టి, తలను నిలబెట్టి, ఆ నెత్తిని వాసన చూసింది. తొందరగా పోదాం పద అని ఎవరూ అనలేదు. ఆ పూట అందరూ అంత మంచివాళ్ళయిపోయారు.

కింద టాక్సీ ఆగింది. బుడేన్‌బీ వెనక సీట్లో సర్దుకుని కూర్చుని చేతులు చాచింది. రెడ్డెమ్మ బిడ్డను అందించింది. అందించి, ఇంకా వంగే ఉంది.

"మ్మే, ఏడవగాకు," అంది బుడేన్‌బీ. "ఏడిస్తే పాలు యెనక్కి పోతాయి."

"ఇంక పాలతో ఏం పని చిన్నమ్మా."

బుడేన్‌బీ బిస్మిల్లా అనుకుంటూ బురఖా కొంగు బిడ్డ మీదికి కప్పింది. ఎండకు తలుపు రేకు కాలిపోతోంది. డ్రైవరు తలుపు లాగి వేశాడు. టాక్సీ సందు మలుపు తిరిగింది. అంతే, ఇంతకు మించి ఏమీ జరగలేదు. రెడ్డెమ్మ మొహం తుడుచుకుని బస్టాపుకు నడిచింది. అనుమతి ఇచ్చింది ఆ కాసేపటికే.

మళ్ళీ ఐదో అంతస్తు. లిఫ్టు తెరుచుకుని సూపర్‌వైజర్ దిగాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే, ఈ నెల కూడా సంతకం పెట్టకపోతే పెద్ద ఆఫీసువాళ్ళు నీ ఫైలు మూసేస్తారని హిందీలో అనేసి, నడిచిపోబోయాడు. ఎప్పట్లా అయితే రెడ్డెమ్మ తలూపేది. ఇవ్వాళ ఊపలేదు. బిడ్డే పోయాక ఇంక దేనికి భయపడాలి? తుడుపుకర్ర పట్టుకుని ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"మై రాజీనామా నై దేతీ సార్," అంది. తనకు ఉద్యోగం కావాలని వచ్చీరాని హిందీలో చెప్పేసింది. "మేరేకు నౌకరీ హోనా."

ఆయన ఫోను చెవి మీంచి దించాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె మొహం చూశాడు. "నౌకరీ ఛోడ్‌నే కో కిస్‌నే కహా? వో తో ఇస్తీఫా హోతా హై."

పని మానెయ్యమని ఎవరన్నారంటున్నాడు. ఉద్యోగం వదిలేసే కాగితాన్ని వాళ్ళ వైపు ఇస్తీఫా అంటారట. రాజీనామా అంటే రాజీ కుదిరిందని రాసుకునే కాగితమట. సెలవు డబ్బు ఒకేసారి కాకుండా వచ్చే జీతాలతో కలిపి ఇస్తాం, నువ్వు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టు అని కంపెనీ అడిగింది. అంతకు మించి అందులో ఏమీ లేదట. మొండికేసి మొత్తం ఒక్కసారే కావాలంటున్నావేమోనని నేననుకున్నాను కదా, అడగొద్దా తల్లీ అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

రెడ్డెమ్మ వింటూ నిలబడింది. రాజీ అన్న మాట ఆమెకు తెలియనిదా? పొలం గట్టు తగాదాల్లో, అన్నదమ్ముల పంపకాల్లో రాజీ పడటం ఎన్నిసార్లు వినలేదు! రాజీనామా లోపల రాజీ ఉందని మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ తోచలేదు. ఒక్కసారి నోరు తెరిచి ఎందుకు అని అడిగి ఉంటే? ఆమె తుడుపుకర్రను గోడకు ఆనించి, ఆయన వెనకాలే లిఫ్టు ఎక్కింది.

కింద ఆఫీసులో కాగితం ముందు పెట్టారు. తెలుగు అక్షరాల్లో సంతకం పెట్టింది. సూపర్‌వైజర్ ఫైలు మూసి, సంతోషంగా చెప్పాడు.

"కల్ సే ఘర్ బైఠో. బచ్చీ కో సంభాలో."

రేపటి నుంచి ఇంట్లో ఉండి బిడ్డను చూసుకోమంటున్నాడు. ఈ పూటకు కూడా పొమ్మన్నాడు. బిడ్డ లేదని రెడ్డెమ్మ ఆయనకు చెప్పలేదు. చెప్తే ఆ మనిషి కూడా ఏం చేయగలడు? షుక్రియా సార్ అని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని బుడేన్‌బీకి ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, యాడుండావు? బయటికి రా. బిడ్డను తీసుకోని బయటికి వచ్చేయి."

"బయటికి యాడికొచ్చేదిమ్మే? పాస్‌పోర్టు మీద స్టాంపు పడిపాయ. ఇంక ఆ పక్కకు రానియ్యరు." బుడేన్‌బీ గొంతులో కంగారు. "ఏమాయ?"

వెనక మైకులో అరబ్బీలో ఏదో చెప్తున్నారు. బిడ్డ ఏడుపు వినబడుతుందేమోనని రెడ్డెమ్మ చెవి నొక్కిపెట్టి విన్నది. వినబడలేదు.

"నిద్రపోతా ఉండాదా?"

"సుకంగా నిద్రపోతా ఉండాది. ఏమాయ చెప్పుమ్మే?"

"ఏం లేదు చిన్నమ్మా. మెడ కింద చెయ్యి తియ్యగాకు."

అంత దూరం ప్రయాణంలో ఉన్న ఆమెకు ఆ సంగతి ఎట్లా చెప్తుంది? శివకుమార్‌కూ ఫోన్ చేయలేదు. సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పినవాడు అతనే. ఈ మాట విని ఆ గుడారాల మధ్య ఒక్కడూ ఏమైపోతాడో అని భయపడింది. శుక్రవారం వస్తే అప్పుడు చెప్పొచ్చు. లేకపోతే లేదు.

గదికి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. కర్టెన్లు దించి ఉన్నాయి. పైమంచం మీద రాత్రి డ్యూటీ చేసే భాగ్యలత దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఆ పిల్లది జగిత్యాల. రెడ్డెమ్మ చెప్పులు విడిచి తన మంచం మీద కూర్చుంది. రేపు పొద్దున లేవక్కర్లేదు. ఎల్లుండీ లేవక్కర్లేదు. రొమ్ములు మళ్ళీ గడ్డకట్టడం మొదలుపెట్టాయి.

"పంపినవా అక్కా?" పైనుంచి భాగ్యలత నిద్రగొంతుతో అడిగింది.

"పంపినా."

రెండు పైమంచాల కడ్డీలకు అటొక కొస, ఇటొక కొస ముడేసి కట్టిన పాతచీర ఉయ్యాల రెడ్డెమ్మ మొహానికి ఎదురుగా వేలాడుతోంది.

"ఇది విప్పాల్నా అక్కా? తొవ్వకు అడ్డమైతున్నది."

"ఉండనీలేమ్మా."

భాగ్యలత గోడ వైపు ఒత్తిగిలింది. ఆ కదలికకు కడ్డీ కిర్రుమంది, ఉయ్యాల కొంచెం ఊగి ఆగింది. అడుగున, బిడ్డ పడుకున్న మేర, చీర ఇంకా పల్లంగానే ఉంది.