పసుపు పూసిన పురుగు

పార్వతీదేవి పురుగునూ వదల్లేదు, పసుపూ కుంకుమా పూసేసింది. కొత్తింటి గుమ్మం చెక్కలోంచి శుక్రవారం పూట నల్లటి పెంకుపురుగు బయటికొస్తే, ఆవిడ లెక్కన అది లక్ష్మీదేవి పంపిన శకునం. కోడలు నీలవేణి వచ్చేసరికి ఆ శకునం అలంకారాలతో సహా చచ్చి, అగ్గిపెట్టెలో పడుంది.

నీలవేణి అగ్గిపెట్టె వెలుగులోకి పట్టుకుంది. విశాఖ ఓడరేవులో దిగే విదేశీ కలపలో పురుగుల్ని వెతకడమే ఆమె ఉద్యోగం. మొగుడు మోహనకృష్ణ ముచ్చటపడి గుమ్మానికీ పైకప్పు దూలాలకీ పైన్ చెక్కే వాడాడు. దాన్ని తినే పురుగుల్లో అన్నదమ్ముల్లాంటివి రెండున్నాయి. ఒకటి పచ్చిమానులో పెరిగి, చెక్క ఎండాక బయటపడి, మళ్లీ దాని వంక చూడదు. రెండోది ఎండు చెక్కలోనే గుడ్లు పెట్టి, ఇంట్లో ఉన్న పైన్ అంతా పైకి నున్నగా ఉంచి లోపల డొల్ల చేస్తుంది. మొదటిదైతే కన్నం పూడ్చి ఊరుకోవచ్చు. రెండోదైతే గుమ్మం పీకాల్సిందే, గోడలో కూరుకున్న చెక్కకు మందు లోపలిదాకా దిగదు. ముహూర్తం చూసి, నవధాన్యాలు పోసి నిలబెట్టిన గుమ్మాన్ని వాళ్ల ఊరు గజపతినగరంలో ఎవరూ పీకరు. అరిష్టమంటారు.

తేడా తెలిసేది మెడమీద. రెండోదానికి తెల్లటి నూగు మధ్య రెండు నున్నటి బుడిపెలుంటాయి. సరిగ్గా అక్కడే అత్తగారు పసుపు దట్టంగా పట్టించింది.

నీలవేణి స్పిరిటూ, సన్నటి కుంచే తీసుకుని కూర్చుంది.

"ఏటే, పురుగుకి తలంటు పోస్తన్నావా?" అంది పార్వతీదేవి.

"దీని మొకం సూడందే నేను లెగను, అత్తా."

"మంచిదే అనుకుని వదిలేయొచ్చు కదే," అన్నాడు మోహనకృష్ణ.

"అనుకోను బావా. సూస్తాను."

కుంకుమ ఒక పట్టాన వదల్లేదు. కడిగింది, ఆరబెట్టింది, మళ్లీ కడిగింది. ఎట్టకేలకు భూతద్దం కింద బుడిపెలు తేలాయి. రెండూ నిగనిగలాడుతున్నాయి. నీలవేణికి ఏడుపొచ్చింది. అయినా భూతద్దం అత్తగారి చేతికిచ్చింది.

"ఓలమ్మ! కళ్లెట్టి నన్నే సూస్తన్నాదే!"

"అయి కళ్లు కావత్తా, దాని గుర్తులు. ఇది గుమ్మంతో ఆగదు, దూలాలెక్కుతాది. గుమ్మం పీకాల."

నీలవేణి గునపం తెచ్చి గుమ్మం ముందు నిలబడింది.

అత్తగారు వంగి గడపను కళ్లకద్దుకుంది. లేచి, కొంగు నడుముకు బిగించింది.

"అటునుంచి పొడిస్తే గోడ పోతాది. ఇటు రా. నేను పట్టుకుంటాను, నువ్వు కొట్టు."