వారానికొక్క పొట్లం

వేములపల్లి అలివేలుకు ఒకటే కోరిక: ఈ వానాకాలమన్నా నాట్లకు పోవాలి. కూలి కోసమా అంటే కాదు. భర్త గౌరయ్య మిర్యాలగూడ రైస్‌మిల్లులో వాచ్‌మన్, ఇల్లు గడుస్తూనే ఉంది. ఆమెకు కావాల్సింది ఆ ఆటో, ఆ ఆడవాళ్ల గుంపు, బురదలో వంగి ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులు. పోయినేడు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చుంది. పొద్దున్నే నాట్ల ముఠా ఆటో హుజూర్‌నగర్ వైపు వెళ్తుంటే చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి చూసేది. అది మలుపు తిరిగాక ఏడ్చేది కూడా.

ఎండాకాలంలో సూర్యాపేట డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, డి విటమిన్ తక్కువుందని పొడి పొట్లాలు రాసింది. "వారానికి ఒక్కటే అమ్మా, పాలల్ల కలుపుకొని తాగు. ఎక్కువ తాగకు" అని మరీ మరీ చెప్పింది.

చెప్తే వినే మనిషైతే అలివేలు ఎందుకవుతుంది? నారు పాలిపోతే ఇంకో గుప్పెడు యూరియా చల్లి పచ్చగా చేసిన చేతులవి. వరికి పనికొచ్చింది ఒంటికి పనికిరాదా అనుకుంది. వారానికో పొట్లం తాగాల్సింది రోజూ తాగింది. అయిపోతే మెడికల్ షాపులో మళ్లీ కొంది, తోడుగా కాల్షియం బిళ్లలూ కొంది.

"గిన్ని మందులేందే?" అన్నాడు గౌరయ్య.

"మందులు కావయ్యా, బలం పొడి. బలం ఎక్కువై ఎవలన్న సస్తరా?" అని ఆయన నోరు మూయించింది.

నాట్లు దగ్గర పడేసరికి తీరని దాహం, వాంతులు, మలబద్ధకం. పొడి పనిచేస్తోంది కాబోలనుకుంది పిచ్చితల్లి! తొలి నాటు రోజున సద్ది కట్టుకుని ఆటో దాకా నడిచింది. ఎక్కబోతూ కళ్లు తిరిగి ముఠా పెద్ద సంతోషి మీద పడిపోయింది. ఆ ఆటో పొలానికి పోలేదు, సూర్యాపేట దవాఖానకు పోయింది.

"రక్తంల కాల్షియం మస్తు పెరిగింది. ఇంకొన్ని దినాలైతే కిడ్నీలు ఖరాబయ్యేటియి" అని డాక్టరమ్మ కసిరింది. "విటమిన్ గూడ మందే. ఎక్కువైంది బయటికి పోదు, ఒంట్లనే పేరుకుంటది. ఇగ పొడి బంద్, బిళ్లలు బంద్. ఈ యేడు నాట్లు గూడ బంద్."

చేతికి సెలైన్ ఎక్కుతుంటే అలివేలు గోడవైపు తిరిగి పడుకుంది.

రెండ్రోజులకు సంతోషి చూడ్డానికొచ్చింది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

"నా జాగల ఎవలున్నరే?"

"లతను పెట్టుకున్నం అక్కా."

అలివేలు ముఖం పక్కకు తిప్పుకుంది. "మంచిగ ఏస్తదా?"

"ఏస్తది. గాని నోట్లె మాటే లేదు, పొద్దు పోతలేదు మాకు. నువ్వు ఇంటికొచ్చినంక జర ఆటోల వచ్చి గట్టు మీద కూసో. నాటు మేమేస్తం, నువ్వు ముచ్చట్లు చెప్పు. పోయినేడే పిలుద్దామనుకున్నం. కాళ్లు నొస్తున్నోళ్లను పిలిస్తే బాధపడ్తవేమోనని ఊకున్నం."

అలివేలు లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"గీ ముక్క పోయినేడే చెప్పకపోతివేమే పిల్లా!" అని వార్డంతా వినబడేలా బావురుమంది.