మర్వెట్ నొక్కిన మీట

మర్వెట్‌కి బడిలో పరుగు నేర్పే కోచ్ లాసెల్స్ పేరు వింటేనే ఒళ్ళు మంట. పెద్ద కూతురు రొషెల్‌ని ఆయన పరుగు జట్టులోంచి తీసేసిన రోజు రాజుకున్న మంట అది. "అర సెకను ఆలస్యమట! అర సెకనులో ఏ కొంప మునిగిపోయింది?" అని తన టాక్సీ ఎక్కిన ప్రతివాళ్ళనీ అడిగేది. మే పెన్ ఊరి బజారు నుంచి కొండ మీది ఊళ్ళకి బండి నడిపేది ఆమే కాబట్టి, దిగేదాకా చచ్చినట్టు విని తలూపేవాళ్ళు.

ఇప్పుడు చిన్నది జోడియాన్ వంతు వచ్చింది. దానికి బడిలో ఇదే ఆఖరి ఏడు. ఎనిమిది వందల మీటర్లు, అంటే మైదానం చుట్టూ రెండు చుట్లు, రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లలోపు పరిగెత్తితే రాజధాని కింగ్‌స్టన్‌లో జరిగే పెద్ద పోటీలకి పేరు వెళ్తుంది. లేకపోతే దాని పరుగు ఇక్కడితో సరి. ఆ టైము చూసేదీ, చెప్పేదీ లాసెల్స్ ఒక్కడే. "నా పిల్ల కాళ్ళు ఆ ముసలాడి బొటనవేలి కింద నలుగుతున్నాయి," అని మర్వెట్ పళ్ళు నూరుకుంది.

ఒకరోజు ముందు సీట్లో కూర్చున్న కాలేజీ పిల్ల ఫోన్లో ఒక సైటు తెరిచి చూపించింది. స్టాప్‌వాచ్. ఫోను నిండా పెద్ద పెద్ద అంకెలు, కింద రెండు మీటలు. ఒకటి మొదలుపెట్టడానికీ ఆపడానికీ, రెండోది చుట్టు అయినప్పుడల్లా నొక్కడానికి. నొక్కగానే ఆ చుట్టు టైమూ, అప్పటిదాకా అయిన మొత్తం టైమూ కింద పడిపోతాయి, పైన గడియారం మాత్రం ఆగకుండా నడుస్తుంది. ఇంకేం, మర్వెట్‌కి పిచ్చి పట్టింది. వారం పాటు కనపడిన ప్రతిదానికీ మీట నొక్కింది. వంతెన నుంచి చర్చి దాకా బండికెంత పట్టింది, బియ్యం బఠాణీలు ఉడకడానికెంత, పక్కింటి మిస్ ఐవీ గొణుగుడు ఎంతసేపటికి ఆగుతుంది, అన్నీ కొలిచింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, మైదానానికి మాత్రం ఆ ఫోను తేకు," అంది జోడియాన్. "ఆయన నాకేం అన్యాయం చెయ్యలేదు."

"నోర్ముయ్. నీ అక్కకి చేసింది చాలదా? ఈసారి వాడి నాటకం అందరి ముందూ బయటపెడతాను."

శుక్రవారం పొద్దున పరీక్ష పరుగు. పేర్లు పంపడానికి అదే ఆఖరి రోజు. కంచె పొడుగునా తల్లులు, మిఠాయి బండివాడు, పక్క బడి నుంచి దొంగచాటుగా టైము చూసుకోవడానికి వచ్చిన ఇద్దరు, అందరూ చేరారు. మర్వెట్ టాక్సీని గేటుకి అడ్డంగా నిలిపి, తిన్నగా ప్రిన్సిపాల్ టల్లక్ మేడమ్ దగ్గరికి పోయింది.

"మేడమ్, మా అమ్మాయి టైము ఈ ఫోనే చెప్పాలి. ఆయన చేతి గడియారం మీద నాకు నమ్మకం లేదు. ఆయన దొంగ. ఇంతమంది ముందు చెప్తున్నా."

టల్లక్ మేడమ్‌కి గొడవలంటే తలనొప్పి. కంచె దగ్గర అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. "ఏం కోచ్, మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది.

లాసెల్స్ మెడలో వేలాడే పాత స్టాప్‌వాచ్‌ని గుప్పిట్లో పట్టుకున్నాడు. తర్వాత మర్వెట్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "మిస్ మర్వెట్, మీ పిల్ల మేలు కోరితే ఆ ఫోను బండిలో పెట్టి రండి."

"విన్నారా! బెదిరిస్తున్నాడు!" మర్వెట్ గొంతు మైదానం అవతలికి వినపడింది. "ఎందుకయ్యా నీకంత భయం? మేడమ్, ఒప్పుకున్నట్టేనా? ఫోనులో ఏది పడితే అదే రాయాలి, మళ్ళీ మాట మార్చకూడదు."

"సరే, అదే రాస్తాను," అంది టల్లక్ మేడమ్. లాసెల్స్ మొహం గంటు పెట్టుకుని గీత దగ్గరికి వెళ్ళిపోయాడు.

పరుగు మొదలుపెట్టించడానికి ఇంకో టీచరు రెండు చెక్కలు పైకెత్తి ఫట్‌మని కొట్టాడు. చెక్కలు కలిసిన ఆ క్షణానే మర్వెట్ మీట నొక్కింది. వారం రోజుల సాధన మరి, వేలు తడబడలేదు. జోడియాన్ మొదటి చుట్టు గాలిలా తిరిగొచ్చింది. మర్వెట్ రెండో మీట నొక్కింది. రెండో చుట్టు సగంలో పిల్ల భుజాలు బిగుసుకుపోయాయి. "కదులే! చేతులు ఊపవే తల్లీ!" అని మర్వెట్ గొంతు చించుకుంది. ఆఖరి వంద మీటర్లూ జోడియాన్ నోరు తెరుచుకుని, కళ్ళు తేలేసి, ఈడ్చుకుంటూ వచ్చి గీత దాటి గడ్డిమీద కూలబడింది. మర్వెట్ నొక్కింది.

"రెండు నిమిషాల పదిహేడు పాయింట్ ఎనిమిది," అన్నాడు లాసెల్స్ తన గడియారం చూసుకుని.

మర్వెట్ ఫోనులో కింద పడిన మొత్తం టైము చూసింది. రెండు నిమిషాల పద్దెనిమిది పాయింట్ మూడు. రెండూ వేరు! అంతే, ఆమె ఎగిరి గంతేసింది. "పట్టుబడ్డాడు! చూడండి మేడమ్, చూడండర్రా! ఆయన చెప్పిందొకటి, ఇందులో పడిందొకటి! అబద్ధాలకోరు! నే చెప్పలా?" కంచె దగ్గరికి పరిగెత్తి అందరి కళ్ళకీ ఫోను ఆనించి చూపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మిస్ ఐవీ ఒక్కతే నెమ్మదిగా అంది: "ఏమే, నీకు మతి పోయిందా? ఆయన టైముతో నీ పిల్ల గెలిచింది. నీ టైముతో ఓడిపోయింది."

మర్వెట్ ఇంకోసారి చూసుకుంది. అంకె పద్దెనిమిది దాటింది.

"అయితే... అయితే ఆయనదే రాయండి మేడమ్. ఫోనుదేముంది, ఎండకి వేడెక్కి ఏదో..."

"మాట మార్చకూడదన్నది మీరే, మిస్ మర్వెట్," అంది టల్లక్ మేడమ్. ఆమె చూపు మాత్రం లాసెల్స్ మీదే ఉంది. "కోచ్, అర సెకను తేడా ఎలా వచ్చింది?"

"చెక్కలు మోగినప్పుడు నేను నొక్కను మేడమ్," అన్నాడు లాసెల్స్. ఇక దాచి లాభం లేదని ఆయనకి తెలిసిపోయింది. "పిల్ల మొదటి అడుగు నేలమీద పడ్డాక నొక్కుతాను. ముప్పై ఏళ్ళుగా ప్రతి పిల్లకీ అంతే. కొండ దిగి ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలకి ఆపాటి సాయం నా చేతిలో ఉంది, చేశాను. ఇవాళ్టితో అదీ పోయింది." మర్వెట్ వైపు తిరిగాడు. గొంతులో జాలి లేదు. "నీ రొషెల్‌కీ ఆ సాయం ఇచ్చాను. ఇచ్చాక కూడా ఇంకో అర సెకను ఆలస్యమే."

ఆయన గడియారం మెడలోంచి తీసి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

జోడియాన్ లేచి కూర్చుంది. మోచేతులకి గడ్డి అంటుకుని ఉంది. అన్నీ విన్నది. మర్వెట్ దగ్గరికెళ్ళి భుజం పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది.

"నాకోసమే చేశానే, జోడీ..."

"నాకోసమా? ఆయన మీద కక్షతో చేశావు. నన్ను అడ్డం పెట్టుకున్నావు." బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. "ఇంకోసారి నొక్కుకో అమ్మా. నేను ఇంటికి ఎంతసేపట్లో పోతానో అదీ కొలుచుకో."

గేటు దగ్గర తల్లి టాక్సీ పక్కనుంచే నడిచి రోడ్డెక్కి, అటుగా పోతున్న వేరేవాళ్ళ టాక్సీకి చెయ్యెత్తి ఎక్కేసింది. మర్వెట్ అక్కడే నిలబడింది. గీత దగ్గర ఆమె చుట్టు మీటే నొక్కింది గానీ గడియారాన్ని ఆపడం మర్చిపోయింది. చేతిలో అంకెలు ఇంకా పరిగెడుతూనే ఉన్నాయి.