పన్నెండో నెల నమూనా

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. నా మూతకి లోపలివైపు చిన్న చెంచా ఉంటుంది. అది దేనికో తెలిశాక మనుషులు నన్ను రెండు వేళ్ళతోనే పట్టుకుంటారు. నాతోపాటు అదే కార్ఖానాలో పుట్టిన తేనె సీసాలు దర్జాగా దుకాణాలకి వెళ్ళాయి. నేను కాకినాడలో ఒక ఆసుపత్రి పరిశోధన గదికి చేరాను.

అక్కడ డాక్టర్ హైమవతి నా మీద నంబరు వేసి, 'పన్నెండో నెల' అని రాసింది. బరువు తగ్గడానికి ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకున్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా ఎలా మారుతుందో ఆవిడ చూస్తోంది. ఆపరేషన్‌కి ముందొకసారి, తర్వాత మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల మలం నమూనా ఇవ్వాలి. నలభైమందితో మొదలైంది. సిగ్గుపడి కొందరు, విసుగొచ్చి కొందరు మానేశారు. మిగిలింది పదకొండుమంది.

నన్ను తీసుకెళ్ళింది నూకరత్నం, బస్సు డిపో క్యాంటీన్‌లో వంటమనిషి. నూట ఇరవై ఆరు కిలోల మనిషి ఎనిమిది నెలల్లో ఎనభై తొమ్మిదికి దిగింది. అక్కడ ఆగిపోయింది. నాలుగు నెలలుగా ముల్లు కదలదు.

"కడుపు కోయించుకుని కూడా ఇంతేనా అక్కా? చాటుగా తింటున్నావేమో!" అంది తోడికోడలు భూలక్ష్మి, నేను సంచిలో ఉండగానే. నూకరత్నం చేతిలో గరిటె గిన్నెలో ఠంగున పడింది.

మూడో రోజు పొద్దున్నే నన్ను నింపి, ఐసు సంచిలో పెట్టి, ఆటోలో ఆసుపత్రికి తెచ్చింది. హైమవతి ముఖం వెలిగింది. కాగితంలో ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతూ, "ఈమధ్య యాంటీబయాటిక్ బిళ్ళలు వేసుకున్నారా?" అంది.

"పోయిన వారం పన్ను వాచిందండి. మందుల షాపువాడిచ్చినవి అయిదు రోజులు మింగాను." సంచిలోంచి ఖాళీ అట్ట తీసి చూపించింది.

హైమవతి కలం కింద పెట్టేసింది. "అయ్యో, ఎంత పని చేశారమ్మా! అవి పేగుల్లో బ్యాక్టీరియాని కూడా చంపేస్తాయి. మార్పు ఆపరేషన్ వల్ల వచ్చిందో బిళ్ళల వల్ల వచ్చిందో ఎలా చెప్పను? ఏ మందు వేసుకున్నా ఫోన్ చేయమన్నానుగా!"

"పంటి మందు పేగుల దాకా పోతుందని నాకేం తెలుసండి? చెప్పకపోతే మీకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి నిజం చెప్పి నేను బాగుపడిందేంటి? బరువు ఆగిపోయింది నేను చాటుగా తినడం వల్ల కాదని మీ పరీక్షలోనైనా తేలుతుందనుకున్నాను." నూకరత్నం ఖాళీ అట్టని గుప్పిట్లో నలిపేసింది.

హైమవతి కోపం దిగింది. "అది ఈ పరీక్షలో తేలేది కాదమ్మా. బ్యాక్టీరియాకీ బరువు ఆగడానికీ ఉన్న సంబంధం మాకే ఇంకా సరిగ్గా తెలీదు. కానీ ముప్పై ఏడు కిలోలు తగ్గి నిలబెట్టుకున్నారు. ఈ దశలో చాలామందికి బరువు ఆగుతుంది. దానికి చాటుగా తినక్కర్లేదు."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

హైమవతి రాసిచ్చింది. తర్వాత జాబితాలో పేరు కొట్టేసింది. పది మిగిలాయి. నన్ను మూతైనా తీయకుండా పసుపు సంచిలో పడేసింది. ఇక నన్ను కాల్చేస్తారు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

నూకరత్నం గుమ్మం దాకా వెళ్ళి, కాగితం మళ్ళీ చదువుకుని, వెనక్కి వచ్చింది.

"సంతకం కింద ఆసుపత్రి ముద్ర కూడా వేయండి."